మొదటి కేసు

పదహారో నంబరు పిలవగానే టీచరమ్మ పెన్ను ఆగింది. జవాబైతే వచ్చింది, కానీ రావలసిన చోటి నుంచి రాలేదు. రోజూ కిటికీ పక్కన రెండో బల్ల మీద కూర్చునే పిల్ల ఈరోజు తలుపు దగ్గర బల్ల చివర కూర్చుని "హాజరు టీచర్" అంది. ఆ కిటికీ పక్క చోటు కోసం పోయిన నెలలో ఇంకో పిల్లతో జుట్టూ జుట్టూ పట్టుకున్న ఘనురాలు. ఇప్పుడు అక్కడ ఆ ఇంకో పిల్ల మోచేతులు బల్లనిండా పరుచుకుని హాయిగా కూర్చుంది.

టీచరమ్మ టిక్కు పెట్టి పదిహేడో నంబరు పిలిచింది. ముప్పై నాలుగు దాకా పిలిచి రిజిస్టరు మూసేసరికి తొమ్మిది కావస్తోంది. తొమ్మిదీ నలభైకి బస్సు. పదకొండింటికి విశ్వవిద్యాలయంలో, విద్యాశాఖ మేడమీద, తన పీహెచ్‌డీ పరిశోధన ప్రతిపాదనని కమిటీ ముందు సమర్థించుకోవాలి. ముచ్చటగా మూడోసారి. నియమాల ప్రకారం నాలుగోసారి అనేది లేదు.

ఆమెకి యాభై ఒక్క ఏళ్లు. ఇరవై ఆరేళ్లుగా అదే బడి, అదే ఐదో తరగతి. పొట్టి మనిషి. నోటుపుస్తకాల సంచీ మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి జారిపోయింది. సుద్దముక్క పట్టే వేలి చివర చర్మం ఎప్పుడూ పగిలే ఉంటుంది. బజార్లో ఎదురైతే రెండోసారి చూడాలని ఎవరికీ అనిపించదు. అయినా బడి చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆమెని ఎరగనివారు లేరు. వెనక అందరూ పోలీసు టీచరంటారు. ఏ పిల్లయినా బడి మానే సూచన కనిపిస్తే చాలు, ఆ సాయంత్రం దాకా కూడా ఆగకుండా ఆ ఇంటి ముందు తేలుతుంది. మంచినీళ్లడిగి తాగి, ఊళ్లో కబుర్లన్నీ చెప్పి, వాళ్లంతట వాళ్లే "సరేలెండి, రేపు పంపిస్తాం" అనేదాకా కదలదు. కోప్పడటం, బతిమాలడం ఆమెకి చేతకాదు. ఆ ఇళ్లవాళ్లకి మాత్రం ఆవిడ వచ్చి వెళ్లాక కోప్పడినట్టే ఉంటుంది.

పిల్లలు బడి ఒక్కరోజులో మానరన్నది ఆమె కనిపెట్టిన సంగతి. ముందు కూర్చునే చోటు మారుతుంది, తలుపు వైపుకి. తర్వాత అరువు తెచ్చుకున్న వస్తువులు అడక్కుండానే తిరిగిచ్చేస్తారు. ఆపైన నోటుపుస్తకంలో పైన తేదీ వేయడం మానేస్తారు, ఇక లెక్కతో పనేముందన్నట్టు. వీటిని ఆమె ఆనవాళ్లు అంటుంది. పదకొండేళ్లుగా రాసిపెట్టుకుంది. ఆనవాళ్లు కనిపించిన పిల్లలు ఇరవై ముగ్గురు. ఇరవై మూడు ఇళ్లకీ వెళ్లింది. ఇరవై ముగ్గురూ బళ్లోనే ఉండిపోయారు.

కమిటీ దగ్గర బండి ఆగిపోయింది సరిగ్గా అక్కడే. మొదటిసారి, ఇది అనుభవమేగానీ పరిశోధన కాదన్నారు. రెండోసారి గణాంకాల ప్రొఫెసరు పెన్సిలు చెవిమీద పెట్టుకుని, "మీరు వెళ్లారు, అందరూ ఆగిపోయారు. బాగుంది. వెళ్లకపోతే మానేసేవాళ్లని రుజువేది?" అన్నాడు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. అందుకే ఎక్కువ బాధపడింది. రుజువు కోసం పిల్లని వదిలేసుకోవాలా అని ఇంటికొచ్చి భర్త మీద ఎగిరింది, పాపం ఆయన బస్సు డిపోలో టికెట్ల గుమాస్తా, ఆయనేం చెబుతాడు.

చివరికి దారి చూపించింది పీహెచ్‌డీ గైడు గారే. అధ్యయనం నడిచే రోజుల్లో ఆనవాళ్లు కనిపించిన పిల్ల ఇంటికి పరిశోధకురాలు పది పనిదినాల దాకా వెళ్లరాదు, గమనించి నమోదు మాత్రమే చేయాలి అని మూడో అధ్యాయంలో ఒక నిబంధన చేర్చమన్నాడు. నూట పన్నెండు పేజీలు ఆరేళ్లపాటు ఆదివారాలన్నీ ధారపోసి రాసిన మనిషికి ఆ ఒక్క పేరా టైపు చేయడానికి వారం పట్టింది. పట్టా వస్తే ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకి మారవచ్చు. ఏటా వంద మంది కొత్త టీచర్లకి ఈ ఆనవాళ్లు చూడటం నేర్పవచ్చు. తనొక్కతీ ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగుతుంది, మోకాళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి. అలా నచ్చజెప్పుకుని టైపు చేసింది. పేరుకి ముందు డాక్టర్ అని రాసుకోవాలన్న ఆశ కూడా లేకపోలేదు. ఎందుకుండకూడదు?

పక్క తరగతి మాస్టారికి పిల్లల్ని అప్పగించి సంచీ సర్దుకుంటుంటే, పదహారో నంబరు పిల్ల బల్ల దగ్గరికి వచ్చింది. పదకొండేళ్లది. కోపం లేకపోయినా కింది పెదవి ముందుకే ఉంటుంది కాబట్టి తరగతంతా దాన్ని బుంగమూతి అంటుంది, అదీ పలుకుతుంది. అలమరలోంచి తీసుకున్న కథల పుస్తకం బల్లమీద పెట్టి, దానిమీద ఒక రబ్బరూ, సగం అరిగిన నీలం పెన్సిలూ పెట్టింది.

"ఇవి మీవే టీచర్. ఎప్పుడో తీసుకున్నా."

"పుస్తకం చదవడం అయిపోయిందా?"

"అయిపోయింది."

పుస్తకం మధ్యలో గుర్తుకి పెట్టుకున్న కాగితం ముక్క ఇంకా బయటికి కనిపిస్తూనే ఉంది. టీచరమ్మ ఏమీ ఎరగనట్టు పిల్ల బల్ల దాకా నడిచి నోటుపుస్తకం తెరిచి చూసింది. నిన్నటి పేజీ మీదా తేదీ లేదు, ఈరోజు పేజీ మీదా లేదు.

"కడుపులో నొప్పిగా ఉంది, ఇంటికెళ్లనా టీచర్?" అని పిల్ల వెనకాలే వచ్చి అడిగింది. అడుగుతూ సంచీ వైపు చూసింది. "మీరెక్కడికైనా వెళుతున్నారా?"

"పరీక్షకి."

"మీక్కూడా పరీక్షలా!" అని నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఆగింది. "మరి తొందరగా వచ్చేస్తారా?"

"వచ్చేస్తా. నువ్వెళ్లి పడుకో" అంది టీచరమ్మ.

పిల్ల ఇల్లు కలప డిపో వెనక. నడిచి వెళితే పదిహేను నిమిషాలు. అప్పటికి తొమ్మిదీ ఇరవై రెండు. అటు వెళితే బస్సు పోతుంది. తర్వాతి బస్సుకి వెళితే పదకొండున్నర, కమిటీ అప్పటిదాకా ఆగదు. సాయంత్రం వెళదాంలే అనుకుంటూ గేటు దాటింది. బస్సెక్కి కూర్చున్నాక గాని గుర్తు రాలేదు, ఈరోజు ఆ నిబంధనకి ఒప్పుకుంటే సాయంత్రమూ వెళ్లకూడదని. బస్సు కదిలాక ఆమె రెండుసార్లు లేచి నిలబడి మళ్లీ కూర్చుంది. పక్కసీటావిడ, దిగేదుంటే ముందే చెప్పండి, చోటిస్తానంది.

గైడు గారు సన్నగా వంగిన మనిషి, మరో మూడు నెలల్లో ఉద్యోగ విరమణ. మాట్లాడుతున్నంతసేపూ బల్లమీద గుండుసూదులూ క్లిప్పులూ వరసపెట్టే అలవాటు ఆయనకి. హాలులోకి వెళ్లేముందు, ఈసారి ఇరవై మూడు ఇళ్ల కథ ఎత్తవద్దనీ, నిబంధన చదివి, అడిగినంతకే జవాబు చెప్పి కూర్చోమనీ హెచ్చరించాడు. తను వెళ్లిపోతే ఈ ప్రతిపాదనని పట్టించుకునే నాథుడు ఉండడని కూడా అన్నాడు. అది నిజమే.

హాలులో కిటికీలన్నీ మూసి పరదాలు దించేశారు. పొడుగాటి బల్లకి అవతల ఐదుగురు. అధ్యక్షుడు, గణాంకాల ప్రొఫెసరు, ఇంకో ఊరి నుంచి పిలిపించిన పరీక్షకురాలు, గైడు, ప్రతిసారీ బిస్కట్లు తిని ఒక్క ప్రశ్నా వేయకుండా సంతకం పెట్టే మరో పెద్దాయన. తెర మీద ఆమె రాసిన మాటలు ఒక్కొక్క పేజీగా వెలిగి ఆరుతున్నాయి. గొంతు మొదట్లో వణికింది. ముప్పై నాలుగు మందిని అదుపు చేసిన గొంతు కదా, నెమ్మదిగా దారిలో పడింది. పది రోజుల నిబంధన చదివేటప్పుడు మాత్రం తెర వైపు తిరిగి చదివింది.

ఇంకో ఊరి నుంచి వచ్చిన పరీక్షకురాలు చాలా మెత్తగా మాట్లాడే మనిషి. నిబంధన బాగుందని మెచ్చుకుంది. అయితే ఇరవై ఆరేళ్ల అలవాటు కాగితం మీద గీత గీస్తే ఆగుతుందా అని తన అనుమానమట.

"మీరు వెళ్లకుండా ఆగిన కేసు ఒక్కటైనా ఉందా అమ్మా? ఒక్కటుంటే చాలు. మీరు ఆగగలరని మాకు తెలియాలి కదా."

గైడు గారు క్లిప్పుల మీద నుంచి తల ఎత్తలేదు. లేదని చెబితే అంతా ఇక్కడితో సరి. ఆరేళ్ల ఆదివారాలూ సరి.

"ఉందండీ."

"ఎప్పటిది?"

"ఈ పొద్దుటిది."

చెప్పింది. తలుపు దగ్గర బల్ల, నీలం పెన్సిలు, మధ్యలో ఆగిన పుస్తకం, తేదీ లేని పేజీలు, అన్నీ చెప్పింది. చూసి కూడా ఇటు వచ్చేశానంది. చెబుతున్నకొద్దీ హాలు ఆమె వైపు మొగ్గింది. గణాంకాల ప్రొఫెసరు చెవిమీది పెన్సిలు తీసి గబగబా రాసుకున్నాడు. బిస్కట్ల పెద్దాయన మొట్టమొదటిసారి నోరు తెరిచి, ఇదే కావాలి మనకి అన్నాడు. ఇన్నేళ్లలో ఆమె మాట అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. గర్వంగా అనిపించింది, అది దాచుకోవడమెందుకు. ఆ గర్వం కింద ఏదో చల్లగా పాకుతోంది, దాన్ని చూడకుండా ఉండటానికి నీళ్లు తాగింది.

"అయితే మొదటి కేసు దొరికినట్టే" అని అధ్యక్షుడు నవ్వాడు. "ఈరోజు నుంచి పది రోజులు. అటు వెళ్లకండి సుమా, టీచర్ గారూ."

పన్నెండూ పదికి ఆమోదం అయిపోయింది. ఐదు సంతకాలు. గైడు గారి కళ్లు చెమర్చాయి. అందరికీ టీ వచ్చింది, అందరితో పాటు ఆమె కూడా తాగింది. భర్తకి ఫోన్ చేస్తే, ఇక ఇంట్లో తలనొప్పికి కూడా డాక్టరమ్మనే అడగాలన్నమాట అన్నాడు. ఆమె నవ్వింది. తీర్మానం నకలు టైపు చేసి చేతికిచ్చేసరికి ఒంటిగంట దాటింది.

తిరుగు బస్సులో ఆ కాగితం తీసి చదువుకుంది. ఆమోదించడమైనది అన్న మాట దగ్గర కాసేపు ఆగింది. దాని కింద, మొదటి కేసు: బాలిక, వయసు పదకొండు, ఆనవాళ్లు మూడు, పరిశోధకురాలి జోక్యం లేదు. మొదటిసారి చదివినప్పుడు అది తను గెలుచుకున్న వాక్యంలా ఉంది. రెండోసారి చదివితే ఎవరి గురించో అనిపించింది. మూడోసారి చదువుతుంటే, తొందరగా వచ్చేస్తారా అని అడిగిన గొంతు వినబడింది. అది ఊరికే అడగలేదు. ఆ వీధుల్లో పిల్లలందరికీ తెలుసు, వస్తువులు తిరిగిచ్చేస్తే టీచర్ ఇంటికొస్తుందని. పిల్ల కబురు పెట్టింది. తను దాన్ని తీసుకెళ్లి కమిటీకి చదివి వినిపించింది.

బడికి రెండు స్టాపుల ముందే, కలప డిపో దగ్గర దిగిపోయింది. ఆగలేకపోయానని రేపు పొద్దున గైడుకి తనే ఫోన్ చేసి చెబుతుంది. ఆమోదం రద్దయితే అవనీ. పోయేది పట్టాయేగా. మోకాళ్ల మాట మరిచిపోయి పరుగులాంటి నడకతో దుంగల వరసల మధ్య నుంచి అడ్డంగా వెళ్లింది. రంపాలన్నీ ఆగి ఉన్నాయి. మనిషి అలికిడి లేదు.

పిల్ల తల్లి గడప లోపల కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది, అదే ఆవిడ పని. అడుగుల చప్పుడుకి తలెత్తింది. చూసి, మళ్లీ సూది వైపు వంగింది.

"ఇప్పుడా టీచరమ్మా రావడం" అంది.

ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. ఏదో వరసకి పిన్ని అయ్యే ఒకావిడ మొన్న కబురు పెట్టి ఈ పొద్దున వచ్చిందట. ఎవరిదో పెద్ద ఇల్లట, ఇద్దరు చంటిపిల్లలట, వాళ్లని కనిపెట్టుకుని ఉండటానికి దీన్ని తీసుకెళ్లిందట. అక్కడ బడికి కూడా పంపిస్తామన్నారట. తండ్రి సరేనన్నాడు. పన్నెండు గంటల బస్సుకి బయల్దేరాలి. పిల్ల కదల్లేదు. మా టీచర్ వస్తారు, టీచర్తో మాట్లాడి తీసుకెళ్లండని గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ బస్సు పోయింది. ఒంటిగంట బస్సు దాకా అలా వీధి చివరికి చూస్తూనే ఉందట. ఆ తర్వాత ఇక ఏమీ అనకుండా తనే వెళ్లి చెప్పులేసుకుంది.

"మీరొచ్చి వద్దంటే నేనూ వద్దనేదాన్ని" అంది తల్లి, దారం పంటితో తెంపుతూ. "నా ఒక్కదాని మాట ఎవరు వింటారు?"

ఏ ఊరని టీచరమ్మ అడిగింది. మూడు బస్సులు మారాలని చెప్పింది గానీ పేరు నోటికి రాలేదంది తల్లి. ఆ పిన్ని ఇచ్చిన ఫోను నంబరు ఉంది. టీచరమ్మ అక్కడే నిలబడి నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ ఫోను కట్టేసి ఉందన్న మాటే వచ్చింది. పన్నెండూ పదికి తన పని అయిపోయింది. ఒంటిగంటకి పిల్ల బస్సెక్కింది. ఆ మధ్యలో తను టీ తాగింది.

ఆమె ఫోను సంచీలో పడేసి గోడ పట్టుకుంది. తల్లి సూదిని చొక్కాకి గుచ్చి, కూర్చోండి, మీకోసం పిల్లే వేసి పెట్టింది అని బయటికి చెయ్యి చూపించింది. గుమ్మం పక్కన నీడలో ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంది, నేల పల్లంగా ఉన్నచోట కదలకుండా ఒక కాలి కింద చిన్న చెక్కముక్క దోపి, పైన తడిగుడ్డతో తుడిచిన చారలు ఎండిపోయి.