నామాలు లేని సూర

“సోమవారం బండికి నేను వెళ్తున్నాను మార్తా. ఈ మాట పొద్దున్నించీ ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?” అంది మా పెద్దత్త, మడిచిన చీరనే మళ్ళీ విప్పి మడుస్తూ.

“నేను సుత పొద్దుగాల్నుంచి గదే అడుగుతున్న. ఒక్కదానివి ఎట్ల పోతవు వదినె?” అంది అమ్మ. చేటలో బియ్యం చెరుగుతోంది గాని ఆవిడ చూపంతా ట్రంకుపెట్టె మీదే ఉంది.

“వచ్చినప్పుడు ఒక్కదాన్నే వచ్చాను కదా.”

“అప్పుడు వేరు.”

“ఏటి వేరు? అప్పుడే రజాకార్ల భయం. ఇప్పుడు వాళ్ళూ లేరు.”

“ఇక్కడ నీకేం తక్లీఫ్ అయింది చెప్పు. పిల్లగాడు నీ ఒళ్ళో తప్ప పండడు.”

“వాడు పెద్దవాడవుతాడు. అక్కడ నా పని పోతుంది.”

నాన్న గుమ్మంలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. “జకర్యా, నువ్వయినా చెప్పరా” అని పెద్దత్త, “మీరన్న చెప్పుండ్రి” అని అమ్మ ఒకేసారి అన్నారు. నాన్న పేజీ తిప్పాడు. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా ఆయన. ఇద్దరు ఒకే లైను మీదికి వస్తుంటే తాను పక్క లైనులోకి తప్పుకోవడం అక్కడే నేర్చుకున్నాడని అమ్మ ఎప్పుడూ దెప్పేది.

పెద్దత్త పేరు ఏసురత్నం. నాన్నకు అక్క. భీమిలిలో మిషన్ వారి దగ్గర బైబిలు ఉమెన్. మధ్యాహ్నం పూట చంకలో బైబిలు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, చదువు రాని ఆడవాళ్ళకు చదివి వినిపించడం ఆవిడ పని. మా తమ్ముడి పురుడికి సాయంగా సీతాఫల్‌మండిలో మా ఇంటికి వచ్చింది. వాడికి మెడ నిలవక ముందే సంస్థానం సరిహద్దులో సరుకులు ఆగిపోయాయి, బళ్ళ సంగతి ఎవరికీ తెలియకుండా పోయింది, ఆడమనిషిని ఒంటరిగా పంపకూడదన్నారు. అలా ఉండిపోయింది. పోలీస్ యాక్షన్ అయి బళ్ళు మళ్ళీ తిన్నగా నడవసాగాక ఇక ఆవిడ కాలు నిలవలేదు. క్రిస్మస్‌లోపు రాకపోతే ఆ పని వేరొకరికి ఇచ్చేస్తామని మిషన్ నుంచి కబురు వచ్చింది. చిన్నతనంలోనే భర్త పోయిన మనిషికి ఆ పనే మొగుడూ, ఇల్లూ.

ఆ ఏడాది గురించి మా వాళ్ళు ఎప్పుడు మాట్లాడినా గొంతు తగ్గించి మాట్లాడేవారు. నాకు మాత్రం అది పెద్దత్త ఏడాది. కిరసనాయిలు దొరికేది కాదు. సాయంత్రం ప్రార్థనకు తలుపులు మూసి, బుడ్డి వత్తి గోరంత చేసేవాళ్ళం. ఆ మసక వెలుతురులో బైబిలు ఒళ్ళో తెరుచుకుని ఆవిడ ఎక్కడా తడబడకుండా చదివేది. “మా అక్కవి పిల్లి కళ్ళు” అని నాన్న మురిసిపోయేవాడు. కిరసనాయిలు దొరకడం మొదలయ్యాక కూడా ఆవిడ వత్తి పెంచనిచ్చేది కాదు. అలవాటైపోయింది, ఇదే బాగుంది అనేది.

ఇంకొకటి కూడా దొరికేది కాదు. సముద్రపు చేప. చెరువు కొర్రమట్ట పెడితే “బురద తిని బురద కక్కుతుంది” అని ముఖం చిట్లించేది. చేప మీద బెంగ పుట్టినప్పుడల్లా వంటింటి ముందు షాబాదు బండల మీద బొగ్గుతో చేపలు గీసి నాకు పాఠం చెప్పేది.

“సూరలు గుంపుగా వస్తాయే మేబెల్. పైన పిట్టలు దూకుతుంటాయి, కింద నీళ్ళు ఎసరులా కుతకుతలాడుతుంటాయి. నెత్తళ్ళలాంటి చిన్నచేపల్ని తరుముకొస్తాయి మరి. మా తాత తెప్ప మీద నిలబడి, గేలానికి తెల్లకోడి ఈక కట్టి లాగేవాడు. ఎర అక్కర్లేదు. పరిగెత్తేదాన్ని చూస్తే సూర ఆగలేదు.”

“అన్నీ ఒక్కలాగే ఉంటాయా అత్తా?”

“తడిమితే ఒకటే. గుండ్రటి ఒళ్ళు, నున్నటి చర్మం, చంద్రవంకలాంటి తోక. చూసి చెప్పాలి. పొట్ట మీద బారుగా నల్లగీతలుంటే నామాల సూర. పొట్ట తెల్లగా ఉండి, వీపు మీద వంకర గీతలూ, పక్కరెక్క కింద వేలితో అద్దినట్టు చుక్కలూ ఉంటే ఉత్త సూర. నామాలదానికి నీచు ఎక్కువ, చింతపండు రెండింతలు పడాలి.”

ఆవిడ గీసిన చేపకు ఒక్కోసారి తోక ఒంటికి అంటుకునేది కాదు, పక్కన ఎక్కడో పడేది. నేను నవ్వి బొగ్గుతో కలిపేదాన్ని.

ఆ శనివారం ట్రంకు దగ్గర వాదన అలా సాగుతుండగానే వాకిట్లో సైకిలు ఆగింది. నాన్న స్నేహితుడు దేవసహాయం. బెజవాడ బండి మీద గార్డు. గోనెపట్టా చుట్టిన బుట్ట ఒకటి దింపి, “అక్కయ్యా, మీ ఊరి సరుకు. వాల్తేరు నుంచి మా బావమరిది పంపాడు. బెజవాడలో ఐసు కూడా మార్పించాను” అన్నాడు.

పెద్దత్త చీర అక్కడే వదిలేసి వచ్చింది. గోనె విప్పి, ఊక తోసి, ఐసు ముక్కల్లోకి రెండు చేతులూ దూర్చింది. ఆవిడ ముఖం ఇరవయ్యేళ్ళు వెనక్కి పోయినట్టయింది.

“సూరే” అంది. “ఏడాదికి చూశానురా.”

ముందు మొప్ప దగ్గర చిన్న ముక్క గిల్లి నాలుక కొసకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఐసు కరిగి చెడిన సూరకు వాసన రాకపోవచ్చట గాని నాలుక మీద మిరియంలా చురుక్కుమంటుందట. అలాంటిది తింటే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయట. మేమంతా ఆవిడ నాలుక కోసం ఎదురుచూశాం.

“బాగుంది. తినొచ్చు.”

పక్కింటి బాలమ్మ గోడ మీదుగా తొంగిచూసి, ఆగలేక లోపలికే వచ్చింది. “గిదేం చాప పెద్దమ్మా? మా చెర్ల గిసుంటిది నేనెన్నడు సూడలే.”

“నామాల సూర. చూడు బాలమ్మా, పొట్ట మీద నామాలు ఎంత తీరుగా దిద్దినట్టున్నాయో” అంటూ పెద్దత్త చేప పొట్టను బిడ్డను నిమిరినట్టు నిమిరింది.

“నామాలు పెట్టుకున్నదాన్ని మీరు తింటరా మరి?”

“చింతపండు నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇచ్చేస్తాంలే. తరవాత మాదే.”

బాలమ్మ నవ్వింది. దేవసహాయం బాబాయి పడీపడీ నవ్వాడు. నేను చేప మీదికి వంగాను. బండల మీద బొగ్గుతో తప్ప చూడని చేపను మొదటిసారి నిజంగా చూస్తున్నాను. పాఠం వచ్చని చూపించుకోవాలని ఆత్రం నాకు.

“నామాలు లేవత్తా. పొట్ట తెల్లగ ఉంది. రెక్క కింద చుక్కలున్నయి. ఇది ఉత్త సూర.”

“సరిగ్గా చూడవే.”

“చూసిన. ఒక్క గీత లేదు.”

బాలమ్మ కూడా వంగింది. “అవ్ పెద్దమ్మా. తెల్లగ వెండి లెక్కనే ఉన్నది గదా.”

పెద్దత్త చేయి పొట్ట మీద ఆగిపోయింది. ఐసు నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి బండ మీదికి కారుతున్నాయి. ఆవిడ ముఖం మా ఇద్దరికీ మధ్య, ఎవరూ లేని చోటికి తిరిగి ఉంది.

“ఎండ కండ్లల్ల కొడ్తలేదా?” అంది అమ్మ వెంటనే. “ఐసు నీళ్ళు మీదికెల్లి మెరుస్తున్నయి. ఎవరికి కనవడ్తయి? బాలమ్మా, నువ్వు జెర పక్కకు జరుగు.”

అది డిసెంబరు ఉదయం. ఎండ ఇంకా మా గోడ దిగలేదు.

తరవాత అమ్మ కత్తిపీట వాల్చి తనే కూర్చుంది. చేపలు కోయడం ఇంట్లో పెద్దత్త హక్కు. ఆవిడ ఏమైనా అంటుందేమోనని చూశాను. ఆవిడేమో పక్కన పీట మీద కూర్చుని, “వెన్ను పక్కన నల్లటి కండ ఉంటుంది, అది వేరు చెయ్యి. ముక్కలు ఉప్పూ పసుపూ వేసి కడుగు. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి” అని చెప్పింది. ముక్కలు ఎర్రగా మేకమాంసంలా ఉన్నాయి. “తేటగ వచ్చినయి వదినె” అని అమ్మ చెప్పాకే ఆవిడ చింతపండు పిసికింది. ఉప్పు జాడీ, కారం గిన్నె అమ్మ ఒక్కొక్కటే తెచ్చి, చప్పుడు చేయకుండా ఆవిడ చేతి పక్కనే పెట్టింది. పెద్దత్త చేతికి తగిలిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, తీసుకుంది. పొద్దున్నించీ నోరు నొప్పి పుట్టేలా వాదించుకున్న ఇద్దరూ మట్టిదాకలో పులుసు ఉడికినంతసేపూ సోమవారం మాట ఎత్తలేదు.

బాలమ్మకు గిన్నెడు పంపి, అందరం వరసగా కూర్చున్నాం. ఆ ముక్క రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. చేపలా విడిపోదు, మాంసంలా సాగదు. పులుపు లోపలిదాకా దిగి, నమిలినకొద్దీ ఊరేది. తరవాత ఎన్ని ఊళ్ళలో ఎన్ని సూరలు వండుకున్నానో. చింతపండు సరిపోయినా ఆ దాక మాత్రం కుదరలేదు.

దేవసహాయం బాబాయి రెండోసారి అన్నం పెట్టించుకుని, “సోమవారం ఆ బండి నాదే అక్కయ్యా. బెజవాడలో నేనే దగ్గరుండి వాల్తేరు మెయిలు ఎక్కిస్తాను” అన్నాడు.

నాన్న అమ్మ వైపు చూశాడు, మళ్ళీ గొడవ షురూ అవుతుందని. నేనూ చూశాను.

“పోనీయుండ్రి” అంది అమ్మ, తమ్ముడికి మెత్తటి ముద్ద కలుపుతూ. “వదినె పని వదినెకు ఎరుక. ఆమె ఇష్టం.”

గెలిచే మాట చేతికి వచ్చినా అమ్మ ఆ మాట అనలేదు. పెద్దత్త నా కంచంలో ముక్కకు ముల్లు తీస్తోంది. ఎప్పుడూ వేళ్ళతోనే తీసేది, కంచం వైపు చూడకుండానే. అది ఆవిడ నేర్పు అనుకునేవాళ్ళం. ఆ వేళ్ళు కాసేపు కదలలేదు.

సాయంత్రం ప్రార్థనకు చాప పరిచాం. నాన్న అలవాటుగా వత్తి తగ్గించబోయాడు.

“ఉంచరా. పెద్దది చెయ్యి” అంది పెద్దత్త.

వత్తి పెరిగి గదంతా వెలుగెక్కింది. ఆవిడ బైబిలు ఒళ్ళో పెట్టుకుని, అట్ట మీద చేయి వేసి, దాన్ని తీసి నా ఒళ్ళో పెట్టింది. “గుర్తు పెట్టిన చోట చదువు” అంది. నేను కూడబలుక్కుంటూ చదివాను. నేను ఒక మాట పలికేలోపే ఆవిడ పెదవులు తరవాతి మాట దగ్గర ఉండేవి. నాన్న తలెత్తి ఆ పెదవుల్ని చూశాడు. బుడ్డిని చూశాడు. మళ్ళీ అక్కను చూశాడు.

చదవడం అయ్యాక పెద్దత్త గొంతు సవరించుకుంది. ఎప్పటిలా ప్రార్థన చేస్తుందనుకుని అందరం తలలు వంచాం.

“జకర్యా, దేవసహాయానికి చెప్పు. సోమవారం నేను రావడం లేదు. వేరే మనిషిని చూసుకోమని మిషన్ వాళ్ళకు కబురు పంపించు. అక్కడ వాళ్ళకు చదివే మనిషి కావాలి. నాకు అక్షరం కనబడి చాలా కాలమైంది.”

“అక్కా...” అంటూ నాన్న దగ్గరికి జరిగాడు.

“సోమవారం మార్త నన్ను కంటి ఆస్పత్రికి తీసుకెళ్తుంది. చూపు వస్తే అప్పుడు ఆలోచిద్దాం.” తడుముకుని నా భుజం మీద చేయి వేసింది. “అందాకా సాయంత్రం పూట మేబెల్ చదువుతుంది. నేను మీతో కూర్చుని వింటాను.”