కేంద్రకం లేని కణం

మా డెల్టా ఊళ్ళలో సైన్సు చెప్పేది సగం బళ్ళలో ఫుట్‌బాల్ కోచే. శుక్రవారం సాయంత్రం జట్టు గెలిస్తే చాలు, ఆయనకు జీవశాస్త్రం వచ్చా రాదా అని అడిగే నాథుడు ఉండడు. కాలవే అనే హైస్కూల్లో ఆ కోచ్ పేరు టిల్లరీ. పొద్దున పదో తరగతికి కణాలూ కణజాలాలూ చెబుతాడు, భోజనాలయ్యాక తొమ్మిదో తరగతి పిల్లల్ని మైదానంలో పరుగెత్తిస్తాడు, బడి వదిలాక జట్టు మీద అరుస్తాడు. మూడింటికీ ఒకటే గొంతు. చెడ్డవాడేం కాదు. కాకపోతే చేతిలోని కాగితం మీద ఏముందో అదే లోకం అనుకునే రకం.

ఏటా సెప్టెంబరులో ఆ బడిలో ‘తినే కణాల రోజు’ ఒకటి వస్తుంది. పిల్లలు ఇంటి దగ్గర కేకుతోనో జెల్లీతోనో ఒక కణం చేసి తెస్తారు. మధ్యలో పెద్ద చూయింగ్ గమ్ గోళీ పెడితే అది కేంద్రకం, చుట్టూ చిక్కుడు గింజల్లాంటి మిఠాయిలు గుచ్చితే మైటోకాండ్రియా. కోచ్ వచ్చి మార్కులు వేస్తాడు. ఆ తర్వాత అందరూ కలిసి కణాలన్నిటినీ తినేస్తారు. పాతికేళ్ళుగా ఇదే తంతు.

ఈ ఏడు రొనేషా మటుకు ఎర్ర రక్తకణం చేస్తానంది. పదిహేనేళ్ళ పిల్ల, నోరు కాస్త పెద్దదే. అయితే ఈ కణం వెనక ఆమె నోటికంటే పెద్ద సంగతి ఉంది. ఆమె తమ్ముడు టెవిన్‌కు పుట్టినప్పటి నుంచీ సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. చూడ్డానికి పిల్లాడు నిక్షేపంలా ఉంటాడు. ఎండలో పరుగెత్తించారా, మర్నాటికి ఎముకల్లో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు మెలికలు తిరిగిపోతాడు. రెండు వారాల కింద కోచ్ మైలు పరుగు పెట్టినప్పుడు అదే జరిగింది. రెండు చుట్లు తిరిగి ఆగిపోయాడు, తెల్లారేసరికి అరవై మైళ్ళ అవతల ఆసుపత్రిలో ఉన్నాడు. నాలుగు రోజులు. తిరిగొచ్చాక స్నేహితులకు ఫ్లూ అని చెప్పాడు. ఎప్పుడూ అదే చెబుతాడు.

పిల్లాణ్ణి పరుగెత్తించొద్దని డాక్టరు ఉత్తరం రాసి ఇచ్చాడు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, బడి ఆఫీసులో కూర్చున్నావిడ ఈ ఉత్తరం చెల్లదంది. ఈ ఏటి ఫారం మీదే సంతకం ఉండాలట. ఆ డాక్టరు మళ్ళీ దొరికేది నవంబరులో. అందాకా టెవిన్ అందరిలాంటి పిల్లాడే. శుక్రవారం మధ్యాహ్నం మిగిలిపోయిన మైలు పూర్తి చేయాలి, లేకపోతే ఎఫ్, అంటే ఫెయిలే.

బుధవారం సాయంత్రం వంటింట్లో అమ్మమ్మ ఎర్లీన్ పొయ్యిలోంచి ఎర్ర కేకు తీసి బల్ల మీద పెట్టింది. చర్చిలో ఏ విందు జరిగినా ఎర్లీన్ రెడ్ వెల్వెట్ కేకు లేకుండా ముగియదు. అలాంటి కేకును మనవరాలు వేడి తగ్గీ తగ్గకముందే గిన్నె అడుగుతో మధ్యలో నొక్కింది.

"ఏం పుట్టిందే నీకు? బంగారంలాంటి కేకుకి బొంద పెట్టావు!"

"బొంద కాదు అమ్మమ్మా, ఎర్రకణం మధ్యలో అలాగే లోపలికి ఉంటుంది."

"పైన క్రీమన్నా పుయ్యనీ. ఉత్త కేకు బయటికి పంపితే ఎర్లీన్‌కి చెయ్యి పడిపోయిందంటారు ఊళ్ళో."

"పుయ్యకూడదు. దాంట్లో ఏమీ ఉండదు. అదే దాని గొప్ప."

ఎర్లీన్ ఆమెను ఎగాదిగా చూసింది. రొనేషా రెండో కేకు తీసుకుని చాకుతో కొడవళ్ళలా రెండు ముక్కలు కోసింది. అమ్మమ్మకు అప్పుడు అర్థమైంది. పద్నాలుగేళ్ళుగా ఆసుపత్రి గోడల మీద ఆ బొమ్మ చూస్తూనే ఉందామె.

"ఆ ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ 'మేడమ్, మేడమ్' అంటూనే గుమ్మం బయటికి పంపించారు. నీ కేకు మాట వింటారంటావా?"

"వినకపోతే గొంతులో అడ్డం పడుద్దిలే."

"నోరు జాగ్రత్త," అంది ఎర్లీన్. కానీ ముక్కలు చెదరకుండా పెట్టడానికి తన మంచి పళ్ళెం తీసిచ్చింది.

గురువారం క్లాసులో బల్లల నిండా కణాలే. కోల్బీ అనే కుర్రాడు పిజ్జా తెచ్చి, నడిమధ్య మాంసం ఉండ పెట్టి కేంద్రకం అన్నాడు. కోచ్ పళ్ళెం పళ్ళెం దగ్గరా ఆగి, కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ రొనేషా దగ్గరికి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? బస్సులో దీని మీద ఎవరైనా కూర్చున్నారా?"

అందరూ నవ్వారు. రొనేషా నవ్వలేదు.

"ఎర్రకణం, కోచ్."

"కేంద్రకం ఏది?"

"లేదు."

"మైటోకాండ్రియా?"

"అవీ లేవు."

"మరి ఇంకేం చేసుకొచ్చావు, తల్లీ?"

"ఉన్నదే చేశాను. ఎముక మజ్జలోంచి బయటికి రాకముందే ఎర్రకణం తన కేంద్రకాన్ని బయట పడేస్తుంది. హీమోగ్లోబిన్‌కి చోటు కావాలి కదా, ప్రాణవాయువు మోసేది అదే. పుస్తకంలో నూట పద్నాలుగో పేజీ చూడండి."

కోచ్ పుస్తకం వైపు చూడలేదు, కాగితం వైపు చూశాడు. "నా దగ్గర కేంద్రకానికి ఇరవై మార్కులని ఉంది. కణానికి కేంద్రకం బాసు. బాసు లేకుండా పని నడుస్తుందా ఎక్కడైనా?"

"పోయిన నెల మీరు పెళ్ళికి వెళ్ళినప్పుడు మన జట్టు గెలిచింది కదా, కోచ్?"

క్లాసంతా ఒక్కసారి గొల్లుమంది. కోచ్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా తమాయించుకున్నాడు. కోల్బీ పక్కన ఉన్న డబ్బాలోంచి గమ్ గోళీ ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇదిగో, మధ్యలో గుచ్చు. ఇరవై నీవి. ఎవరికీ పోయేదేం లేదు."

రొనేషా అరచెయ్యి కేకు మీద అడ్డం పెట్టింది. "గుచ్చను."

"మార్కులు వద్దా?"

"కావాలి. కానీ అబద్ధం గుచ్చితే గానీ ఇవ్వనంటే అక్కర్లేదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి నాలుగో కాలు చూపించడం కష్టం. కోచ్ కలం తీశాడు. కేంద్రకానికి సున్నా, మైటోకాండ్రియాకి సున్నా, ఇంకో రెండింటికి సున్నా. ఆకారానికి పది, శుభ్రతకు పది. రాస్తూ రాస్తూ పళ్ళెం అంచున ఉన్న కొడవలి ముక్కల్ని కలంతో చూపించాడు. "ఈ విరిగినవేంటి?"

దానికోసమే కాచుకుని ఉంది రొనేషా. లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఒక పాత చార్టు వేలాడుతూ ఉంటుంది. పైన మనిషి బొమ్మ, దాని కింద వ్యవస్థలు, అవయవాలు, కణజాలం, కణం, అట్టడుగున కణంలోని భాగాలు.

"మీరు దీన్ని ఎప్పుడూ పైనుంచి కిందికి చదివిస్తారు, కోచ్. నేను కిందనుంచి చదువుతాను," అని అట్టడుగు గీత మీద వేలు పెట్టింది. "ఇక్కడ హీమోగ్లోబిన్‌లో ఒక్క చిన్న తేడా. అంతే. ఒంట్లో నీరు తగ్గినా, బాగా పరుగెత్తినా కణం కొడవలిలా వంగిపోద్ది. అవే ఆ ముక్కలు. వంగినవి సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. అవతల ఉన్న కండరానికి, ఎముకకి గాలందదు, మంట మొదలవుద్ది. ఇదిగో కణజాలం. ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే మనిషే పోవచ్చు. అవయవం. ఆపైన రక్తప్రసరణ." వేలు బొమ్మ దాకా వెళ్ళి ఆగింది. "ఈ పైనున్న మనిషికి మీ చార్టులో పేరు లేదు. నేను చెబుతా. టెవిన్. నా తమ్ముడు. రేపు రెండింటికి మీరు మైలు పరుగెత్తించబోయేది వాణ్ణే."

ఎవరూ నవ్వలేదు. కోల్బీ పిజ్జా వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఆఫీసు నుంచి నాకే కాగితమూ రాలేదు," అన్నాడు కోచ్, గొంతు తగ్గించి.

"నేను చెబుతున్నా కదా."

"నువ్వు కాగితం కాదు. కూర్చో."

ఆ రోజు అన్ని కణాలూ ఖాళీ అయ్యాయి, రొనేషా పళ్ళెం తప్ప. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరింది. టెవిన్ వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పద్నాలుగేళ్ళకే అక్కకంటే పొడుగు.

"నా రక్తాన్ని పళ్ళెంలో పెట్టి అందరికీ వడ్డించావంట?"

"కోచ్‌కి చూపించాను. నీకోసమే..."

"నన్నడిగావా?"

అడగలేదు. ఆ ఆలోచనే రాలేదు. పొద్దుటి నుంచీ ఛాతీ విరుచుకుని తిరిగిన పిల్లకు అప్పుడు సిగ్గనిపించింది.

"బస్సులో వెనక సీటుకి పోతుంటే ఆపి నాకు ముందు సీటు ఇచ్చారు, తెలుసా? ముసలాడికిచ్చినట్టు! ఒకడు నా బ్యాగు మోస్తానన్నాడు. ఒకటో క్లాసు నుంచి దాచుకుంటూ వచ్చా. ఒక్క పీరియడులో ఊరంతా చాటావు."

"తప్పే. అడగాల్సింది," అంది రొనేషా.

"ఇప్పుడంటే ఏం లాభం? రేపు పరుగెత్తుతా. నాలుగు చుట్లూ పరుగెత్తుతా, ఎవడు జాలిపడతాడో చూస్తా."

"చస్తావురా!"

"నా ఒళ్ళు, నా చావు!"

తలుపు దగ్గర నిలబడి వింటున్న ఎర్లీన్ అప్పుడు బయటికొచ్చింది. ఆమె అరవలేదు, అదే భయం.

"ఒరేయ్, రేపు మీ ఇద్దరిలో ఎవరు గెలుస్తారో నాకు తెలీదు. ఆసుపత్రిలో కుర్చీ మీద కూర్చునేది మాత్రం నేనే. అది గుర్తుపెట్టుకుని ఏం చేసుకుంటావో చేసుకో."

టెవిన్ ఆ రాత్రి గబగబా తినేసి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. రొనేషా గిన్నెలు కడుగుతూ అదే ఆలోచించింది. కోచ్‌ను ఎదిరించడం గొప్పే, కానీ తాను ఎదిరించిన పాపానికి తమ్ముడు పంతంకొద్దీ పరుగెత్తి పడిపోతే? కేంద్రకమో గీంద్రకమో ఒక గోళీ గుచ్చేసి ఊరుకోవాల్సిందేమో అని కూడా ఒక క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

శుక్రవారం రెండింటికి ఆమె హిస్టరీ క్లాసు ఎగ్గొట్టి మైదానం కంచె దగ్గరికి వెళ్ళింది. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. గీత దగ్గర పదిహేనుమంది పిల్లలు, చివర్లో టెవిన్. అక్క వైపు చూడను కూడా చూడలేదు. కోచ్ ఈల ఊదాడు.

టెవిన్ పరుగు మొదలెట్టాడు. పంతం మీద ఉన్నాడేమో, అందరికంటే ముందున్నాడు. రొనేషా కంచె తీగను గట్టిగా పట్టుకుంది. అరవాలని గొంతు దాకా వచ్చింది. నిన్న తాను మాట్లాడిన మాటలు చాలనుకుని, పళ్ళు బిగించి ఊరుకుంది.

మొదటి మలుపు రాకముందే టెవిన్ ఆగాడు. వెనక్కి నడిచొచ్చి, అందరి కళ్ళముందూ, గీతకు ఒక అడుగు అవతల బాట నడిమధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"లే," అన్నాడు కోచ్.

"లేవను."

కోచ్ దగ్గరికొచ్చి వంగాడు. మాట మిగతా పిల్లలకు వినబడకూడదనుకున్నాడు కానీ కంచె దగ్గరికి వినబడింది. "చూడు బాబూ, కాలు బెణికిందని చెప్పు. అదే రాసుకుంటా. ఇంకో వారం గడుస్తుంది. నీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది."

మంచి మనసుతోనే అన్నాడు, పాపం. అంతకంటే తేలికైన దారి ఇంకోటి లేదు. టెవిన్ తల ఎత్తాడు. మాట ఆ మూలనున్న వాళ్ళకు కూడా అందాలన్నట్టు గట్టిగా అన్నాడు.

"బెణకలేదు, కోచ్. నాకు సికిల్ సెల్. అందుకని పరుగెత్తను. ఇవాళ కాదు, వచ్చే వారం కాదు. కాగితం వచ్చినా అంతే, రాకపోయినా అంతే."

ఆ మాట వాడి నోటివెంట బయటివాళ్ళ ముందు రావడం అదే మొదటిసారి. రొనేషా కళ్ళు తుడుచుకుంది.

"ఎఫ్ వెయ్యాల్సొస్తుంది."

"వెయ్యండి."

కోచ్ కంచె వైపు చూసి, "నీకు క్లాసు లేదా?" అని గద్దించాడు.

"ఉంది కోచ్. వెళ్ళను."

గేటు తోసుకుని లోపలికి వచ్చి, ఆమె కూడా తమ్ముడి పక్కన ఆ మండే బాట మీద కూర్చుంది. "నువ్వు మాత్రం మాట్లాడకు," అన్నాడు టెవిన్. ఆమె మాట్లాడలేదు. పరుగెత్తుతున్న పిల్లలు వాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడల్లా అటు కొందరు ఇటు కొందరుగా చీలి వెళ్ళిపోయారు. నాలుగు చుట్లూ అలాగే గడిచాయి. అక్కాతమ్ముళ్ళు కదల్లేదు. కోచ్ కూడా రెండోసారి ఈల ఊదలేదు.

గంట కొట్టాక ఆయన అట్ట మీద ఏదో రాశాడు.

"ఏం వేశారు?" అని అడిగాడు టెవిన్.

"ఎఫ్."

టెవిన్ తలూపి లేచాడు. ప్యాంటు దులుపుకుని, బ్యాగు మోస్తామని వచ్చిన ఇద్దర్నీ పక్కకు నెట్టి, తన కాళ్ళ మీద తాను ఆరో పీరియడుకి నడిచి వెళ్ళాడు.