గుట్ట మీది కుంట

మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద బిల్డింగు కడుతున్న రోజులవి. నానక్‌రామ్‌గూడ దాటాక ఒక ఎత్తైన గుట్ట మీద సక్కుబాయివాళ్ల తండా ఉండేది. బండల మధ్య ఎర్రమట్టిలో జొన్న, అనుములు పండించుకునేవారు. వానకు నిండే చిన్న కుంటే వాళ్లకు ఆధారం. గుట్ట కిందే ఎల్లేశం ఇల్లు, టమాటా తోట.

ఒకసారి సక్కుబాయి మేకలు ఆ తోటలో పడి మేశాయి. ఎల్లేశానికి ఒళ్లు మండి, తండాకు పోయే బాటకు తుమ్మకంప అడ్డం కొట్టాడు. అప్పటి నుంచి తండావాళ్లు గుట్టంతా చుట్టి రోడ్డెక్కుతున్నారు. రెండు ఇళ్లకూ మాటల్లేవు.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. ఒక పొద్దున కుంటకు వెళ్లిన సక్కుబాయికి కట్ట అడుగు నుంచి బురదనీళ్లు ఎగజిమ్మడం కనిపించింది. తండా మగవాళ్లంతా బిల్డింగు పనికి వెళ్లిపోయారు. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. మోచేతులు గీరుకుపోతున్నా కంపలోంచి దూరి కిందికి పరుగెత్తింది.

"ఎల్లేశమన్నా! కుంట కట్ట తెగేటట్టుంది. తెగితే నీ ఇంటి మీదికే వస్తది. జల్ది రా!"

ఎల్లేశం తెల్లబోయి చూస్తుంటే, అతని భార్య బుచ్చమ్మ లోపలి నుంచి అరిచింది. "ఇంక చూస్తవేంది? బండి కట్టు!"

ఇల్లు కట్టగా మిగిలిన ఖాళీ సిమెంటు సంచులు బండిలో వేసుకున్నారు. కంప దగ్గర ఎల్లేశం దిగి, తనే దాన్ని లాగి పారేశాడు. పైన తండా ఆడవాళ్లు సంచుల్లో మట్టి నింపుతుంటే, అతను ఛాతీలోతు నీళ్లలోకి దిగి వాటిని బొక్కకు అడ్డం పెట్టాడు. ఒకసారి కాలు జారింది. సక్కుబాయి కట్ట మీద బోర్లా పడుకుని అతని చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నానికి ఊట ఆగింది.

అందరూ జొన్నరొట్టె, కారం తింటూ కూర్చున్నారు.

"నీ మొహమే చూడొద్దనుకున్న, అక్కా," అన్నాడు ఎల్లేశం తల దించుకుని.

"నాకూ కోపమే ఉండె. అయినా నీ ఇంట్ల పిల్లలున్నరు గద, అన్నా. ఇంకో రొట్టె తిను."

ముసురు తెరిపిచ్చింది. కింద ఖాజాగూడ, గోపన్‌పల్లి, కోకాపేట పొలాలు పచ్చగా తేలాయి. ఎప్పుడూ గుట్ట ఎక్కని బుచ్చమ్మ లేచి నిలబడి తన ఇల్లు వెతుక్కుంది.

"అయ్యో, గింతేనా మా ఇల్లు!" అని పకపకా నవ్వింది.