వెనక గేటు లెక్క

నా చెల్లెలికి ఇంగ్లీషు నేర్పింది నేనే. పాపమైనా పుణ్యమైనా నాదే కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

నేను లాండ్రీలో పనిచేస్తాను. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మూటలు కట్టి వ్యాన్‌కి ఎక్కిస్తాం. ఈ ఊరొచ్చి పదకొండేళ్లయినా ఒక్క వీధి పేరు నాకు తెలియదు. మా దగ్గర వాటితో పనే లేదు. లాండ్రీ వెనక గేటు దాటగానే లెక్క మొదలవుతుంది. మొదటి కుడి, నాలుగో ఎడమ, పచ్చ తలుపు. మూటకు కట్టిన చీటీ మీద అంతే రాసి ఉంటుంది. మొదటి యజమాని పెట్టిన పద్ధతట. కొత్త డ్రైవరు వారం రోజులు తిట్టుకుని ఎనిమిదో రోజుకి దారిలో పడతాడు. చివరికి మా ఇళ్లు కూడా మేం అలాగే చెప్పుకుంటాం. చెల్లెలూ పెళ్లికి ముందు మా దగ్గరే మడతలు పెట్టేది, కాబట్టి దానికీ అదే అలవాటు.

దాని మొగుడు షట్టర్లు బిగిస్తాడు. బయట అందరూ వాణ్ని మెత్తనయ్య అంటారు. నన్ను వదినగారూ అని తప్ప పిలవడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్న సామెత వాడి కోసమే పుట్టింది. పెళ్లయిన మొదటి ఏడాది చెంపదెబ్బలు. రెండో ఏడాది బెల్టు. ఈ మధ్య కావాలనే తలుపు సందున దాని వేళ్లు పెట్టి తలుపు మూశాడు, రెండు గోళ్లు ఊడిపోయాయి. వచ్చెయ్యమని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. వస్తే నిన్ను కూడా చంపుతాడని అది నాకే బుద్ధి చెప్పేది.

రాకపోతే మానెయ్, ప్రాణం మీదికొస్తే పోలీసులనైనా పిలువు అన్నాను. ఈ ఊళ్లో పోలీసులకైనా ఆంబులెన్సుకైనా ఒకటే నంబరు, అక్కడ తెలుగు రాదు, ఇంగ్లీషులోనే అడుగుతారు. ముందు అడిగేది ఎక్కడ అనే. అందుకని టీ వేళల్లో వ్యాన్ డ్రైవరును పట్టుకుని స్ట్రీట్, లేన్, కార్నర్, క్రాసింగ్, అండర్‌పాస్, డెడ్ ఎండ్ అన్నీ నేర్చుకున్నాను. మొగుడు పనికి వెళ్లిన పూట చెల్లెలి దగ్గర కూర్చుని అప్పజెప్పించుకునేదాన్ని. దాని ఇంటి దారి మొత్తం ఇంగ్లీషులోకి దించాం. థర్డ్ రైట్, సెకండ్ లెఫ్ట్, అండర్‌పాస్, డెడ్ ఎండ్, లాస్ట్ డోర్. దారి మూసుకుపోయిన సందును డెడ్ ఎండ్ అంటారంటే, మా కాపురానికి కూడా ఆ మాటే సరిపోతుందిగా అక్కా అని నవ్వింది. అది నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. మర్చిపోకుండా ఆ మాటలన్నీ కాగితం మీద రాసి బియ్యం డబ్బా అడుగున పెట్టుకుంది.

ఆ డబ్బా జోలికి వాడు ఏనాడూ పోలేదు. మంగళవారం పోయాడు.

పదకొండు గంటలకు ఇస్త్రీ బల్ల దగ్గర ఉండగా నా ఫోన్ మోగింది. చెల్లెలు బాత్రూంలో గడియ పెట్టుకుని మాట్లాడుతోంది. నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టుంది మాట.

"కాగితం దొరికిందక్కా. ఎవడికి దారి చెబుతున్నావే అని కొడుతున్నాడు. నువ్వు నేర్పినట్టే పోలీసులకు చెప్పాను. అవతలాయన ఫ్రం వేర్, ఫ్రం వేర్ అంటాడు. మళ్లీ అదే చెప్పాను. సైరన్ వంతెన అవతలెక్కడో తిరిగి వెళ్లిపోయింది."

తలుపు మీద ఇనుము పడిన చప్పుడు వినిపించింది. ఫోన్ ఆగిపోయింది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. మూడో కుడి సరే, ఎక్కణ్నుంచి? మా వెనక గేటు వాళ్లకేం తెలుసు? ఇన్ని వారాలు పిల్లకు చిలక్కి నేర్పినట్టు నేర్పి, మొదలు ఎక్కడో చెప్పలేదు నేను. చెప్పాలని కూడా తోచలేదు. చెప్పుతో కొట్టాల్సింది నన్ను.

మూటల ట్రాలీకి పిడిగా ఉండే ఇనప గొట్టం ఊడబీక్కుని పరుగెత్తాను. మూడో కుడి, రెండో ఎడమ, అండర్‌పాస్. సందు మొదట్లో ఊపిరి అందక గోడ పట్టుకుంటే చేతి పక్కనే నీలం రేకు, దాని మీద వీధి పేరు. ఇంగ్లీషులో రెండే రెండు ముక్కలు. వందసార్లు ఆ గోడ పక్కన నడిచాను, ఒక్కసారీ తలెత్తలేదు. కూడబలుక్కుని చదివి మళ్లీ పరుగెత్తాను.

బాత్రూం తలుపు విరిగి వేలాడుతోంది. వాడు చెల్లెలి జుట్టు చేతికి చుట్టుకుని, దాని మొహాన్ని సింకు అంచుకేసి కొడుతున్నాడు. ఒక్కో దెబ్బకు ఒక్కోసారి, ఎవడు వాడు అని నెమ్మదిగా అడుగుతున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"ఇది మొగుడూ పెళ్లాల గొడవ వదినగారూ. మీరు వెళ్లండి."

గొట్టంతో మోచేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. జుట్టు వదిలి నా మీద పడ్డాడు. విరగని చేత్తోనే నా గొంతు పట్టుకుని తల గోడకేసి మోదాడు. రెండోసారికి కళ్లు బైర్లు కమ్మాయి. మూడోసారి మోదలేదు. వాడు తలుపు పగలగొట్టిన గడ్డపారనే చెల్లెలు రెండు చేతులా ఎత్తి వాడి నడినెత్తిన వేసింది. వాడు మోకాళ్ల మీద కూలి, పక్కకు ఒరిగాడు.

పడ్డాక నేను మరొకటి వేశాను. అది అక్కర్లేదు. అయినా వేశాను.

నెత్తురు గచ్చు మీద పారి తూము వైపు వెళుతోంది. వాడికి ఊపిరి ఆడుతోంది, గురకలాగా. చెల్లెలు వణికిపోతూ, ఫోన్ చెయ్యక్కా, ఆంబులెన్సు రాకపోతే చచ్చిపోతాడు అంది. ముందువి రెండు పళ్లు లేవు దానికి. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. అయినా వాడి ప్రాణం కోసమే అడుగుతోంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సందు మొదట్లో రేకు మీద వీధి పేరుందని, ఇందాకే చదివానని, అది చెబితే ఈసారి దారి తప్పరని దానికి చెప్పాను. నంబరు నొక్కి, ఇద్దరికీ వినిపించేలా స్పీకర్ పెట్టాను.

అదే నంబరు, చెల్లెలు ఇందాక చెప్పిన మగ గొంతు. వేర్, అని అడిగింది.

ఆ గొంతు వినగానే చెల్లెలి వణుకు ఆగిపోయింది. వాడి పిడికిట్లో ఇంకా ఇరుక్కుని ఉన్న, ఊడొచ్చిన తన వెంట్రుకల వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది.

"థర్డ్ రైట్," అంది. "సెకండ్ లెఫ్ట్. అండర్‌పాస్. డెడ్ ఎండ్. లాస్ట్ డోర్."

ఫ్రం వేర్, అంది ఆ గొంతు.

చెల్లెలు నా వైపు చూసింది. వీధి పేరు నా నాలుక మీదే ఉంది. నేను చెప్పలేదు. అది నోట్లో నెత్తురు ఉమ్మేసి, అప్పజెప్పేటప్పటిలాగే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒక్క ముక్క కూడా తప్పు పోలేదు.