ముప్ఫై ఎనిమిదో చీటీ

కొట్టులో మాంసం బల్ల వెనక నిలబడి, ఇర్మెలి కార్జాన్ని అద్దాల పెట్టెలో కుడి మూలకి జరిపి, పక్కన ఓ చిన్న ఆకుకూర కట్ట పెట్టింది. అందం చూసి కార్జం కొనేవాళ్లు ఉండరని ఆమెకి తెలుసు. అయినా పంతొమ్మిదేళ్లుగా ఆ కట్ట పెడుతూనే ఉంది, పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు.

గురువారం కాబట్టి బఠాణీ సూపు కూడా ఉంది. ఆ ఊరివాళ్లు గురువారం బఠాణీ సూపు తినకపోతే శుక్రవారం రాదేమో అన్నట్టుంటారు. పెద్ద గిన్నెలో సూపు బద్ధకంగా కుతకుతమంటోంది. దాని ఆవిరి కిటికీకి పట్టి, అవతల సరస్సూ, పడవల రేవూ, ఆగి ఉన్న కార్లూ అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు కదులుతున్నాయి. నవంబరు. రెండున్నరకే వెలుగు వెన్నతీసిన పాలలా పలచబడి నీలానికి తిరిగింది. ఆ వేళప్పుడు కొట్టు మొత్తం ఎవరికో పట్టిన కునుకులా ఉంటుంది.

ఇర్మెలికి అరవై ఒకటి. పొట్టి మనిషి. మంచుముక్కల మీద చేపలు సర్ది సర్ది చేతులు బీట్‌రూట్ రంగుకి వచ్చాయి. తెల్ల టోపీ, తెల్ల కోటు. కోటు కింది నుంచి కనబడే స్వెట్టరు చేతుల మీద మాత్రం ఎప్పుడూ నాలుగు నారింజరంగు వెంట్రుకలు. అవి హిల్లావి. హిల్లా ఆమె పిల్లి. ఇంట్లో అద్దె కట్టేది ఇర్మెలి, ఇల్లు హిల్లాది.

బుట్ట చూసి మనిషిని చెప్పడం ఆమెకి అలవాటు. ఒక్క ఉల్లిపాయ కొంటే ఒంటరివాళ్లు. రెండు రకాల జున్ను కొంటే ఇంకా మాట్లాడుకుంటున్న దంపతులు. తన సొంత బుట్టలో రోజూ ఒక కారెట్టు, సగం నల్లరొట్టె, పిల్లికి మూడు రకాల డబ్బాలు ఉంటాయి. ఆ బుట్ట ఏం చెబుతుందో చూడకుండా గబగబా సంచిలో వేసేసుకుంటుంది.

"ఇర్మెలక్కా!" గల్లా దగ్గరి నుంచి సన్ని కేకేసింది. "టైమైంది. మీ ఆయన ఇంకా రాలేదేం?"

"నోర్మూసుకుని నీ పని చూసుకోవే."

"మీ ఆయనంటే ఎవరని మాత్రం అడగవు చూడు!"

ఇర్మెలి సూపు కలిపింది. ఆ కలపడం సూపుకి అవసరం లేదు.

ఆయన రోజూ రెండున్నరకి వస్తాడు. బయట గోడకి కుక్కల కోసం బిగించిన ఇనప కొక్కేనికి తన కుక్క తుర్రెని కట్టి, బూట్లు రెండుసార్లు దులిపి లోపలికొస్తాడు. మాంసం బల్ల ముందు ఎర్ర డబ్బా ఉంటుంది. లాగితే వరస చీటీ వస్తుంది. బల్ల దగ్గర పురుగైనా లేకపోయినా ఆయన చీటీ లాగి, రెండు గజాల దూరంలో నిలబడి, పైన బోర్డు మీద తన అంకె వెలిగేదాకా చూస్తాడు. ఇర్మెలి మీట నొక్కుతుంది. అప్పుడు అడుగు ముందుకేస్తాడు.

"రెండొందల గ్రాముల కార్జమండీ."

"తుర్రె ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడండీ."

"చలి."

"చలేనండీ."

అంతే. ఇంటికి నడిచే పావుగంటా ఇర్మెలి ఆ మాటల్నే తిప్పి తిప్పి వింటుంది. పదకొండేళ్లయింది. ఆయన పేరు మాత్రం తెలీదు. పేరు మొదటి వారంలో అడగాలి. ఆ వారం దాటాక అడిగితే ఇన్నాళ్లూ తెలీదని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ ఊళ్లో అలా పేర్లు తెలియకుండానే ముసలైపోయిన స్నేహాలు చాలా ఉన్నాయి.

ఒకే ఒక్కసారి, ఏ ఏడో గుర్తులేదు, ఆయన అదనంగా ఓ మాటన్నాడు. "నేను మాత్రం కార్జం ముట్టనండీ. వాసనే పడదు." ఆ మాటని ఆమె దాచుకుంది. ఈమధ్య అదే మాట గుచ్చుకుంటోంది. ఎందుకంటే తుర్రెకి పదిహేనేళ్లు. కిందటి చలికాలం పళ్లూడిపోతే, అప్పట్నుంచి ఆమే కార్జాన్ని గోరంత ముక్కలుగా కోసిస్తోంది. మూడు వారాలుగా వాడు కొక్కెం కింద నిలబడలేక కూర్చుంటున్నాడు. వాడు లేకపోతే ఆయనకి ఈ బల్ల దగ్గర పనేం ఉంది?

తలుపు గంట మోగింది. బూట్ల చప్పుడు, రెండుసార్లు. ఇర్మెలి కోటు చేత్తో కిటికీ మీది ఆవిరి తుడిచింది. కొక్కేనికి తాడు వేలాడుతోంది. స్తంభం అడ్డమొచ్చిందేమోనని తల వంచి చూసింది. తాడు చివర గుండ్రంగా పట్టీ ఉంది, పట్టీలో మెడ లేదు. కుక్కని కట్టే చెయ్యి, కుక్క ఉందో లేదో చూసుకోకుండా తన పని తాను చేసేసింది.

ఆయన చీటీ లాగాడు. రెండు గజాల దూరంలో నిలబడి బోర్డు వైపు చూశాడు.

నొక్కకపోతే ఆయన అలాగే నిలబడి ఉంటాడు కదా, అనుకుంది ఇర్మెలి. సూపులో ఒక బుడగ పైకొచ్చి పగిలింది. నొక్కింది. ముప్ఫై ఏడు.

"రెండొందల గ్రాముల కార్జమండీ."

తుర్రె ఎలా ఉన్నాడన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. కార్జం తూచింది. సరిగ్గా రెండొందలు. కత్తి తీసింది.

"చిన్న ముక్కలు చెయ్యనా?"

ఆయన అద్దంలోంచి ఆకుకూర కట్ట వైపు చూశాడు.

"ఇక అక్కర్లేదండీ."

ఆమె కత్తి పక్కన పెట్టింది. కాగితం నాలుగు మూలలూ మామూలు కన్నా నెమ్మదిగా మడిచింది. పొట్లం అందిస్తుంటే ఆయన వేళ్లు తగిలాయి, చల్లగా.

"చలి," అంది.

"చలేనండీ."

ఆయన గల్లా వైపు నడిచాడు. తలుపు గంట మోగింది. అయిదు నిమిషాలకి సన్ని పొట్లం పట్టుకుని వచ్చింది. ముఖంలో వేళాకోళం లేదు.

"డబ్బులిచ్చేసి ఇది నా దగ్గరే పెట్టేశాడక్కా. మాంసం బల్ల దగ్గరావిడ పిల్లికి ఇమ్మన్నాడు. నీకు పిల్లుందని ఆయనకెప్పుడు చెప్పావు?"

ఇర్మెలి స్వెట్టరు చేతి వంక చూసుకుంది.

"చెప్పలేదు."

చలికోటు వేసుకోకుండానే బయటికి పరిగెత్తింది. వీధి దీపాలు అప్పుడే వెలిగాయి. మంచు మొదలై, ఎవరినీ లేపకూడదన్నట్టు మెల్లగా రాలుతోంది. రేవు దాకా ఎవరూ లేరు. బూటు గుర్తులు మాత్రం ఉన్నాయి, పక్కన పంజాల గుర్తులు లేకుండా. అవీ పూడిపోతున్నాయి.

"తాడు మర్చిపోయాడే!" వెనకాలే వచ్చిన సన్ని అంది. "పోయిన వస్తువుల పెట్టెలో వేసేదా?"

"వద్దు. ఉండనీ."

"ఎవరైనా ఎత్తుకుపోతేనో?"

"కుక్కలేని తాడుని ఎవరెత్తుకుపోతారే? నువ్వు లోపలికి పద, చలి."

ఆ సాయంత్రం సూపు గిన్నె కడిగింది. చేపల కింది మంచు పారబోసింది. ఆయన తర్వాత చీటీ లాగినవాళ్లు లేరు. బల్ల దీపం ఆర్పింది కానీ బోర్డుని ముప్ఫై ఏడు మీదే వదిలేసింది. కార్జం పొట్లం సంచిలో వేసుకుంది. హిల్లా కార్జం ముట్టదు. అది ఆయనకి చెప్పాల్సిన సంగతి. వాసనే పడదండీ దానికి, అని చెప్పాలి. కొత్త మాట.

ఎర్ర డబ్బా దగ్గర ఆగింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి, బల్లకి ఇవతల, కొనేవాళ్ల వైపు నిలబడి చీటీ లాగింది.

బయట మంచు పడుతూనే ఉంది. కొక్కేనికి తాడు, తాడు చివర ఖాళీ పట్టీ, పట్టీ బకిలుకి గట్టిగా దోపిన చిన్న కాగితం ముక్క. దాని మీద ముప్ఫై ఎనిమిది.