పడుగు దిగేదాకా

పర్శరాములు కట్టు చివరను పంటితో తెంపబోయి ఆగి, కత్తెర అందుకున్నాడు. డాక్టరు చూస్తే కోప్పడతాడు. మగ్గం దగ్గర దారాన్ని పంటితోనే తెంపుతాడు. ముప్పయ్యేళ్ల అలవాటు దవాఖానలో మూడేళ్లు పనిచేసినా పోలేదు.

కలరా వచ్చిన సంవత్సరం మనుషులు చాలక పిలిస్తే దవాఖానకు వచ్చాడు. వచ్చిన వారంలోనే ఉతికిన కట్టుగుడ్డలన్నిటికీ గంజి పెట్టి, సాగదీసి ఆరేశాడు. అవి అట్టల్లా నిలబడ్డాయి. డాక్టరు సుదర్శన్‌రావు ఒకటి పైకెత్తి, "ఇది పుండుకా, పెండ్లికొడుకుకా?" అని అడిగాడు. ఆ మాట చెప్పుకొని ఇప్పటికీ నవ్వుతారు. పర్శరాములూ నవ్వుతాడు.

సన్నటి మనిషి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని కూర్చుని నడుము ముందుకు వంగింది. వేళ్లు మాత్రం పొడుగ్గా, మెత్తగా ఉంటాయి. తెగిన పోగును చూడకుండానే ముడివేసే ఆ వేళ్లు పుండు మీది గుడ్డ తీస్తుంటే రోగికి తెలియదు. సోమ, బుధ, శుక్రవారాలు దవాఖానలో రోజుకూలి. మిగతా రోజులు ఇంట్లో నేత. ఆ ఏర్పాటు అతను అడిగి చేయించుకున్నదే.

నాలుగో మంచం మీద అంబదాస్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెన్నూరు వైపు నుంచి వచ్చిన ముసలి నేతగాడు, వెనకాముందూ ఎవరూ లేరు. నడుము కింద పుండు. పర్శరాములు పాత గుడ్డను నీళ్లతో తడిపి, నానేదాకా ఆగి, మెల్లగా తీశాడు.

"రేపు నువ్వు రావు గదరా."

"రేపు మంగళారం మామా. మగ్గం."

"గట్లయితే నా కట్టు ముట్టద్దని డాక్టరుకు చెప్పి పో. గుడ్డ గుంజుతుండో, తోలు గుంజుతుండో ఆయనకే తెల్వది." ముసలాయన నవ్వబోతే దగ్గు వచ్చింది.

డాక్టరు గుమ్మంలో నిలబడి పిలిచాడు.

"కట్లు కట్టే డ్రెస్సర్ పోస్టు మంజూరయింది, పర్శరాములూ. పర్మినెంటు. రోజూ రావాలె, రాత్రి పిలిచినా రావాలె. బదిలీ చేస్తే పోవాలె. రేపు తొలి బస్సుకు ఆదిలాబాద్ పోతున్న, ఇయ్యాల ఐదింటిలోపల కాగితం మీద దస్తఖత్ పెట్టు. లేకుంటే వాళ్లే ఎవలనో పంపుతరు."

"గిట్లనే వారానికి మూడు దినాలు ఉండరాదా సారూ?"

"ఆ మనిషి వచ్చినంక నిన్ను పిలిచేది పని ఎక్కువున్ననాడే."

పర్శరాములు తిరిగి మంచం దగ్గరికి వచ్చాడు. అంబదాస్ అంతా విన్నాడు.

"మగ్గం మీద పడుగున్నదా?"

"గజమున్నర మిగిలింది మామా."

"మరి దించకుండ దస్తఖత్ ఎట్ల పెడ్తవ్?"

వాళ్ల కులంలో సగం నేసిన పడుగును, మగ్గానికెక్కించిన ఆ నిలువు పోగులను, కోసేది నేసే మనిషి చనిపోయినప్పుడే. బతికున్నవాడు దాన్ని వదిలి వేరే పనికి ఒప్పుకోడు.

"ఫికర్ చెయ్యకు. పోయి దించుకొని రా."

"మాపటి కట్టుకు వస్త. పోయి రావాల్నా?"

"పోరా. నేనేడికి పోత? కాళ్లున్నయా నాకు?"

పర్శరాములు సెలవడిగి ఇంటికి పోయాడు. రాట్నం ముందు కూర్చున్న భార్య నర్మద తలెత్తింది.

"ఏమయ్యా, ఇయ్యాల సోమారమే గాదు?"

సంగతి చెప్పాడు. ఆమె రాట్నం ఆపింది.

"మగ్గం గుంట?"

"ఖాళీగుంటది."

"కోళ్లు పండుకుంటయ్. మీ బాపు తవ్విన గుంట." మళ్లీ అడిగింది. "రాత్రి గూడ పిలుస్తరా?"

"పిలుస్తరు."

"గిప్పుడు పిలుస్తలేరా?"

"రోజుకూలోన్ని ఎవలు పిలుస్తరు?"

ఆమె చుట్టిన నూలు తెచ్చి అతని చేతి దగ్గర పెట్టింది. "నెయ్యి మరి. ఐదయితది."

మిల్లు బట్ట వచ్చాక నేతలో తొందర పడవలసిన రోజులు తక్కువ. ఈ రోజు పడ్డాడు. రెండుసార్లు పోగు తెగింది. ముడివేశాడు. అంచు దగ్గర మాత్రం చెయ్యి తనంతట తానే నిదానించింది. చివరి పోగులు కోసి, గుంట అంచున బెల్లం ముక్క పెట్టి దండం పెట్టుకున్నాడు. దించిన చీరను నర్మద చేతికిచ్చి, కాళ్లు కడుక్కొని బయలుదేరాడు.

ఐదు కాలేదు. డాక్టరు బల్ల దగ్గరే ఉన్నాడు. కాగితం ముందున్నా, అతని వైపు జరపలేదు.

"అంబదాస్ పోయిండు," అన్నాడు. "మూడు దాటినంక. నేను బయటి రోగులను చూస్తున్న. దగ్గర ఎవలూ లేరు."

పర్శరాములు బల్ల అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. తర్వాత ఆ చెయ్యి చాపి కాగితం తన వైపు జరుపుకున్నాడు. నిజాం కాలంలో నేర్చుకున్న ఉర్దూ సంతకం ఒక్కటే అతనికి వచ్చు. అదే పెట్టాడు.

"ఎప్పటినుంచి వస్తవ్?"

"ఇయ్యాల్టి నుంచే సారూ."

నాలుగో మంచం మీద దుప్పటి కప్పి ఉంది. పర్శరాములు గిన్నెలో నీళ్లు తెచ్చాడు. ముసలాయనను ఒక పక్కకు ఒత్తిగిల్లజేసి, పాత గుడ్డను తడిపి, నానేదాకా ఆగాడు. మెల్లగా తీశాడు. పుండు తుడిచి, కొత్త గుడ్డ వేసి, కట్టు కట్టాడు.

కులపెద్దలు నలుగురు వచ్చి శవాన్ని తీసుకుపోయారు. అతను పరుపు చుట్టి, మంచం కడిగాడు. కిటికీ గట్టు తుడవబోతే, రేపటి పొద్దుకని అంబదాస్ ఎవరితోనో తెప్పించి పెట్టుకున్న వేపపుల్ల కనిపించింది. ఆకులు గిల్లిన చోట ఇంకా పచ్చిగానే ఉంది.