ఆయన పేరున నడిచిన నెల

పప్పు కడుగుతుంటే మా ఆయన ఫణీంద్ర వచ్చి, అడుగులు లెక్కపెట్టే తన చేతి బ్యాండు విప్పి నా మణికట్టుకు పెట్టాడు. "మోకాలు పట్టేసింది మంజూషా. నువ్వెలాగూ తిరుగుతూనే ఉంటావుగా."

పంజాగుట్టలో ఆయన ఆఫీసువాళ్ళు గుండె ఆరోగ్యం కోసమని నెల రోజుల నడక పోటీ పెట్టారు. ఎక్కువ అడుగులు వేసినవాళ్ళకు బహుమతి. నువ్వెలాగూ తిరుగుతూనే ఉంటావన్న మాట నాకు కొత్త కాదు. మా అమ్మ యాభై రెండేళ్ళకే గుండెపోటుతో పోయింది. నాకిప్పుడు నలభై తొమ్మిది. అమీర్‌పేట మెట్రో మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందని డాక్టరు దగ్గరికి వెళ్తే, పరీక్షలన్నీ చూసి, "ఇంటి పని ఎంత చేసినా సరిపోదమ్మా, రోజూ అరగంట ఆగకుండా, చెమట పట్టేలా నడవండి," అన్నాడు. ఇంటికొచ్చి చెబితే ఈయన అన్నది ఇదే మాట. అత్తగారు జానకీదేవి ఇంకో మాట కలిపారు. "పొద్దున్నే నువ్వు రోడ్డెక్కితే నాకు కాఫీ ఎవరిస్తారే?"

మోకాలు ఒక్కరోజుతో తగ్గలేదు. బ్యాండు రోజూ నా చేతికే ఉండేది. రాత్రి భోజనాల దగ్గర ఆయన ఫోన్లో జాబితా చూసేవాడు. "మా అకౌంట్స్ సుకన్య మళ్ళీ దాటేసింది. యాభై ఏళ్ళావిడ, ఎంత చురుకో. నువ్వూ ఉన్నావు." చూడని ఆ సుకన్య మీద నాకు ఒళ్ళు మండిపోయేది. ఆరేసిన బట్టలు ఒక్కసారిగా తేకుండా రెండేసి చొప్పున తెచ్చేదాన్ని. కరివేపాకుకో సారి, కొత్తిమీరకో సారి మధురానగర్ సందు చివరిదాకా వెళ్ళొచ్చేదాన్ని. అరగంట ఆగకుండా మాత్రం ఒక్కరోజూ నడవలేదు. పది నిమిషాలకోసారి కుక్కరో, కాలింగ్ బెల్లో, అత్తగారో పిలిచేవారు. అయినా ఆఖరి వారంలో సుకన్యను దాటేశాను. ఎవరి కోసం దాటుతున్నానో ఆలోచించలేదు. దాటితే చాలనిపించింది.

బహుమతి రోజు నన్నూ తీసుకెళ్ళాడు. మెడలో పతకంతో మైకు పట్టుకుని, క్రమశిక్షణ ఉంటే గుండె మన మాట వింటుందని చెప్పాడు. తర్వాత నన్ను చూపించి, "మా ఆవిడకూ చెబుతూనే ఉంటానండీ, కదలదు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముందు నవ్వి, తర్వాత విన్నాను ఆ మాట.

రెండో బహుమతి సుకన్యది. టీ కప్పుతో నా పక్కకొచ్చి కూర్చుంది. "సార్ మస్తు నడిచిండు మేడం. నాకు ఆరింటి నుంచి ఏడింటి దాంక గంటనే దొరుకుతది. ఇంట్ల చెప్పేసిన, గా గంట నన్నెవ్వరు పిలువొద్దని. మా అత్త సుత ఛాయ్ తనే పెట్టుకుంటది."

నెలంతా ఆమె అడుగులు చూసి కుళ్ళుకున్నాను. ఆ క్షణంలో అవి ఎన్నో కూడా గుర్తు రాలేదు. ఎవరూ పిలవని ఒక గంట. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో నాకు అలాంటిది దొరికిందా అని వెతుక్కున్నాను. ఆసుపత్రిలో పురుడు పోసుకున్నప్పుడు కూడా, పప్పుల డబ్బా ఎక్కడుందని ఫోన్ చేసి అడిగారు. ఆ గంట మీద నాకు అసూయ పుట్టింది. "ఎక్కడ నడుస్తారు?" అని అడిగాను.

"మీ మధురానగర్ పార్కులనే. రేపు మీరు సుత రారాదుండ్రి."

ఇంటికొస్తూ ఆటోలోనే చెప్పాను, రేపటి నుంచి ఆరింటికి నడకకు వెళ్తానని.

"అమ్మ కాఫీ?"

"మీరు పెట్టండి."

"మోకాలు నొప్పి కదా నాకు."

"కాఫీ నిలబడి పెట్టేదే."

ఆయన మోకాలు రుద్దుకున్నాడు.

పొద్దున పార్కు గేటు దగ్గర సుకన్య చెయ్యూపి నడక మొదలుపెట్టింది. రెండు చుట్లకే నా జాకెట్టు తడిసిపోయింది. ఆమె పదడుగులు ముందుంది, చేతులు ఊపుకుంటూ, వెనక్కి చూడకుండా. ఆ వీపును చూస్తుంటే నాకింకా అసూయగానే ఉంది. వేగం పెంచాను.